అందరికీ ఒకే కారు

కారు పందేలు రెండు తెగలు. ఒకదానిలో ఎవరి కారు వాళ్లదే. నిబంధనల గిరి దాటకుండా మెరుగైన యంత్రాన్ని ఎవరు చేసుకోగలిగితే వాళ్లది పైచేయి. రెండోదానిలో బరిలో దిగిన వాళ్లందరికీ ఒకే తయారీదారు, ఒకే నమూనా కారు. ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే, టైర్లు అవే. గెలుపోటములు తేల్చవలసింది నడిపే మనిషే. ఈ రెండో తెగనే వన్-మేక్ రేసింగ్ అంటారు. దానికోసమే పుట్టిన తేలికపాటి కార్లకు ఒక చరిత్ర ఉంది. అందులో తెలుగువాళ్ల పాలు చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ.

కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం వైపు తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఒక విభాగంలో దిగిన జతలన్నిటికీ బండ ఒకటే, గడువు ఒకటే; ఆ గడువులో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని విభాగాలు పెట్టడంలో ఉన్నది కూడా సాటివాళ్ల మధ్యే పోటీ జరగాలన్న పట్టింపే. తేడా అల్లా అక్కడ బరువు పెంచి పశువు సత్తా చూస్తారు, ఇక్కడ బరువు తగ్గించి మనిషి సత్తా చూస్తారు.

బరువు తగ్గించడమే ఎందుకు? మారుతి 800 కారు బరువు సుమారు 650 కిలోలు, ఇంజిన్ శక్తి 40 అశ్వశక్తికి కాస్త అటూ ఇటూ. అంటే టన్ను బరువుకు అరవై గుర్రాలు. అదే ఇంజిన్‌ను సగం బరువుండే చట్రానికి బిగిస్తే, ఇంజిన్‌లో ఒక్క మర కూడా ముట్టుకోకుండానే ఆ లెక్క రెట్టింపవుతుంది. తేలిక కారు త్వరగా వేగం పుంజుకుంటుంది, తక్కువ దూరంలో ఆగుతుంది, మలుపులో టైర్లను తక్కువ అరగదీస్తుంది. పెద్ద ఇంజిన్‌కు పెద్ద బ్రేకులు, పెద్ద బ్రేకులకు పెద్ద చక్రాలు, వాటన్నిటికీ పెద్ద ఖర్చు. తేలిక కారు ఆ గొలుసును మొదట్లోనే తెంపేస్తుంది. వన్-మేక్ పోటీ పుట్టిందే ఖర్చు భయంతో గనక, తేలికదనం దానికి ప్రాణం.

ఆ భయం మొదట సంపన్న దేశాల్లోనే మొదలైంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఫోక్స్‌వ్యాగన్ డీలరుగా ఉన్న హ్యూబర్ట్ బ్రండేజ్ 1950ల చివర బీటిల్ కారు భాగాలతో ఒంటి సీటు రేసు కారు చేయించాడు. దాన్ని తయారు చేసింది ఇటలీలోని నార్డి వర్క్‌షాపు. ఆ ఆలోచనలోంచి వచ్చిన ఫార్ములా వీని అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ 1963లో అధికారిక తరగతిగా ఒప్పుకుంది. ఊరి షెడ్డులో దొరికే ఇంజిన్, ఊరి షెడ్డులో దొరికే ఇరుసు. 1967లో ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్ మీద మొదలైన ఫార్ములా ఫోర్డ్ అదే దారి పట్టింది. అందులో చట్రాలు వేర్వేరు కంపెనీలవి కావచ్చు గాని, ఇంజిన్ మాత్రం అందరికీ ఫోర్డ్‌దే. కారు ధర వెయ్యి పౌన్లు మించకూడదన్నది తొలి రోజుల నియమం.

అచ్చమైన వన్-మేక్ పోటీకి పేరు తెచ్చింది ఫ్రాన్స్. 1966లో రెనో కంపెనీ తన చిన్న ఆర్8 గోర్డిని కార్లతో ఒక జాతీయ కప్పు పెట్టింది. అందులో తలపడిన కుర్రాళ్లలో జాన్-పియర్ జబూయి ఒకడు. 1979లో రెనోకు ఫార్ములా వన్‌లో తొలి విజయం సంపాదించిపెట్టింది అతనే. గోర్డిని కప్పు పెట్టిన ముప్పై ఏళ్లకు ఆ కంపెనీయే ఇంకో అడుగు వేసి, మొదటినుంచీ పందేన్ని మనసులో పెట్టుకొని రోడ్డు కారు చేసింది. రెనో స్పోర్ట్ స్పైడర్ అన్న ఆ కారుకు అల్యూమినియం చట్రం, రెండు లీటర్ల క్లియో ఇంజిన్, సుమారు 930 కిలోల బరువు. పైకప్పు లేదు, తొలి నమూనాల్లో ముందు అద్దం కూడా లేదు, గాలిని తలమీదుగా మళ్లించే చిన్న ఏర్పాటు మాత్రం ఉండేది. డియెప్‌లోని ఆల్పీన్ ఫ్యాక్టరీలో తయారైన ఈ కార్లతోనే యూరప్‌లో ఒక పోటీ నడిచింది. 1999 నాటికి తయారీ ఆగిపోయింది. అమ్మకాలపరంగా గొప్ప కారేమీ కాదు. పందెం కోసం కారా, కారు అమ్మకం కోసం పందెమా అన్న గీత ఎంత పల్చనిదో చూపడానికి మాత్రం మంచి ఉదాహరణ.

ఒకే కారు ఇచ్చినంత మాత్రాన సమానత్వం రాదు. దాన్ని కాపలా కాయాలి. ఇంజిన్లకు సీలు వేస్తారు. సీలు విప్పితే పోటీ నుంచి తప్పించడమే. కొన్ని సిరీస్‌లలో ఏ ఇంజిన్ ఎవరికన్నది చీటీలు తీసి తేలుస్తారు. టైర్ల మీద గుర్తులు పెట్టి, ఒక పోటీకి ఇన్నే అని లెక్కగట్టి ఇస్తారు. పందెం ముగియగానే కార్లను ఒక ఆవరణలో నిలిపి, ఎవరూ చేయి వేయకుండా తూకం వేస్తారు. ఆ తూకంలో డ్రైవరు బరువు కూడా కలిపే పద్ధతి ఉంది. పల్చటి మనిషికి తన తేలికదనమే లాభం కాకుండా, తక్కువైనంత సీసాన్ని కారుకు బిగిస్తారు. మోసం చేయాలన్న తపన మెకానిక్కులకు ఎక్కడైనా ఒకటే కాబట్టి, ఈ పోటీల చరిత్రలో సగం నిబంధనల పుస్తకం లావెక్కిన చరిత్రే.

భారతదేశంలో ఈ కథ షోలవరంలో మొదలవుతుంది. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు వెళ్లే దారి పక్కన ఉన్న ఆ ఊళ్లో రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే ఒకటి మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని రేస్ ట్రాక్ చేసుకుంది. ఏటా జరిగే ఆ పోటీలకు వేలమంది జనం వచ్చేవారు. బరిలో మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా. ఒకవైపు అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ కార్లను కోసి అతికించిన సొంత తయారీలు. ఇంకోవైపు విదేశాల నుంచి తెప్పించిన అసలు రేసు కార్లు. విజయ్ మాల్యా ఫార్ములా వన్‌లో వాడి పక్కన పెట్టిన ఎన్సైన్ కారును అక్కడ నడిపాడు. దిగుమతి సుంకాలు, లైసెన్సులు దాటి అలాంటి కారు తెచ్చుకోగలిగిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పందెం ఎవరు గెలుస్తారో పందెం మొదలుకాకముందే తెలిసే పరిస్థితి అది. అందరికీ ఒకే కారు అన్న ఆలోచన ఇక్కడ ముచ్చట కోసం రాలేదు, అవసరం కొద్దీ వచ్చింది.

ఆ అవసరం తీర్చిన ఊరు కోయంబత్తూరు. విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగునేల నుంచి వలసపోయి కొంగునాడు నల్లరేగళ్లలో స్థిరపడిన నాయుళ్ల ఇళ్లలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. తమిళం కలిసి, యాస మారి, తీరాంధ్ర మనిషి చెవికి కొంచెం వింతగా తోచే తెలుగు. నల్లరేగడి పత్తి పండించింది. పత్తి మిల్లులు తెచ్చింది. కుప్పుస్వామి నాయుడు 1910లో మొదలుపెట్టిన లక్ష్మీ మిల్స్ వాటిలో పేరున్నది. 1930లలో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లుల చుట్టూ మోటార్లు, పంపులు, పోతపని ఫౌండ్రీలు, లేతు షెడ్లు మొలిచాయి. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను కట్టిన జి.డి. నాయుడు ఈ ఊరివాడే, 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారు చేసిన పేరు కూడా ఆయనదే. అదే ఏడు రవాణా వ్యాపారంగా మొదలైన ఎల్.జి. బాలకృష్ణన్ అండ్ బ్రదర్స్ తర్వాతి కాలంలో గొలుసులు, వాహన భాగాల తయారీలోకి దిగి ఎల్జీబీగా ప్రసిద్ధమైంది. రేసు కారుకు కావలసిన వెల్డింగు, పోతపని, మరల చెక్కుడు, అన్నిటికీ మించి ఏదైనా విప్పి చూద్దామనే అలవాటు ఒక్క ఊళ్లోనే దొరికాయి.

లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ ఈ అలవాటుకు నిండు వారసుడు. రేసింగ్ లోకంలో అందరికీ ఆయన కరి. షోలవరంలో తన కాలపు మేటి రేసర్లలో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు. అయితే ఆయన గెలిచిన కప్పుల కంటే ఆయన తయారు చేసిన కార్లే ఎక్కువ కాలం నిలిచాయి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. దాని మూడు సిలిండర్ల, 796 సీసీ ఇంజిన్ చిన్నది, తేలికైనది, నమ్మకమైనది. నాలుగైదేళ్లు గడిచేసరికి దాని భాగాలు దొరకని ఊరు లేదు. బీటిల్‌ను చూసి అమెరికావాళ్లకు తట్టినదే మారుతిని చూసి కరికి తట్టింది. ఆ ఇంజిన్‌ను డ్రైవరు వీపు వెనక పెట్టి, ఉక్కు గొట్టాలతో చట్రం అల్లి, చక్రాలు బయటికి కనిపించే ఒంటి సీటు కారు చేశాడు. 1980ల చివర ఫార్ములా మారుతి పేరుతో అది జాతీయ పోటీల్లోకి వచ్చింది.

ఫార్ములా మారుతి ప్రపంచ ప్రమాణాల్లో వేగమైన కారు కాదు. దాని గొప్పదనం వేరే చోట ఉంది. తిరగబడితే చట్రాన్ని సాపు చేసి మళ్లీ వెల్డింగు చేయవచ్చు. ఇంజిన్ చెడితే మామూలు మారుతి మెకానిక్ బాగుచేయగలడు. అశ్వశక్తి తక్కువ కాబట్టి మలుపులో ఒక్కసారి వేగం పోగొట్టుకుంటే మళ్లీ అందుకోవడానికి ల్యాపులో సగం పడుతుంది. అందువల్ల నడిపేవాడు బ్రేకును ఎంత తక్కువగా, ఎంత ఆలస్యంగా వాడాలో నేర్చుకోక తప్పదు. శక్తి ఎక్కువున్న కారు డ్రైవరు తప్పులను కప్పిపుచ్చుతుంది. బలం లేని కారు ప్రతి తప్పునూ గడియారంలో చూపిస్తుంది. ప్రపంచంలోని రేసింగ్ బడులన్నీ చిన్న ఇంజిన్లతోనే పాఠం మొదలుపెట్టడానికి కారణం ఇదే. కరి చేసిన పని ఆ బడిని విదేశీ మారకం ఖర్చు లేకుండా దేశంలో పెట్టడం.

ట్రాక్ కూడా సమయానికి అందివచ్చింది. షోలవరం రన్‌వే వదిలి మద్రాస్ క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత స్థలంలో కట్టిన ట్రాక్ 1990లో మొదలైంది. సుమారు 3.7 కిలోమీటర్ల పొడవున, నిజమైన మలుపులతో ఉన్న దారి అది. కరికి బంధువైన కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ తన తొలి రేసు అక్కడే ఫార్ములా మారుతిలో చేసి, మొదటి ముగ్గురిలో నిలిచాడు. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతాకాల సిరీస్, 1996లో ఫార్ములా ఏషియా టైటిల్ గెలిచాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ కారెక్కి, ఫార్ములా వన్ పందెంలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. అదే ఏడు ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం దక్కింది. టైర్ల గొడవతో ఆరు కార్లే పరుగెత్తిన రేసు అది, అయినా పాయింట్లు పాయింట్లే. చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ 2000లో ఫార్ములా మారుతి జాతీయ ఛాంపియన్, 2010లో ఫార్ములా వన్ డ్రైవరు. దేశం ఇప్పటిదాకా ఫార్ములా వన్‌కు పంపింది ఈ ఇద్దరినే. ఇద్దరూ 796 సీసీ ఇంజిన్ మీదే చేయి తిప్పుకున్నారు.

తన కారెక్కిన కుర్రాడు అంతదూరం పోవడం కరి చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. పని ఆగకపోవడానికి కారణం ఎల్జీబీ అధిపతి, తానూ రేసర్ అయిన బి. విజయకుమార్. మారుతి 800 ఇంజిన్ స్థానంలో మరింత శక్తిగల 1.3 లీటర్ల తరగతి ఇంజిన్లు వచ్చాయి. కార్లు ఫార్ములా ఎల్జీబీ పేరుతో కొత్త రూపు దిద్దుకున్నాయి. ఊరి శివార్లలోని చెట్టిపాళయంలో విజయకుమార్ 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఒక ట్రాక్ కట్టించి, దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టాడు. రెండు కిలోమీటర్లు పైచిలుకు పొడవున్న చిన్న ట్రాక్. పెద్ద కార్లకు ఇరుకు, చిన్న కార్లకు సరిగ్గా సరిపోయే కొలత. కారు చేసే షెడ్డు, పరుగెత్తించే దారి, డబ్బు పెట్టే టైర్ల కంపెనీ ఒక్కచోటికి చేరడంతో జేకే టైర్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో ఎల్జీబీ ఫార్ములా 4 కారు ఏళ్ల తరబడి నిలదొక్కుకుంది.

మధ్యలో కార్ల కంపెనీలు కూడా ఈ రంగంలోకి దిగాయి. ఫోక్స్‌వ్యాగన్ 2010లో పోలో కప్ పెట్టింది, టొయోటా ఎటియోస్ కార్లతో మరో సిరీస్ నడిపింది. అవి రోడ్డు కార్లకు పంజరం బిగించి చేసినవి. ప్రచారపు లెక్క తేలినన్నాళ్లు సాగి, తేలనప్పుడు ఆగిపోయాయి.

తెలుగు రాష్ట్రాల గడ్డమీదికి వన్-మేక్ రేసు కారు వచ్చింది 2022లో, అదీ ఇటలీ నుంచి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే రేసింగ్ ప్రమోషన్స్ సంస్థ ఇండియన్ రేసింగ్ లీగ్ పేరుతో ఆరు నగరాల జట్లతో పోటీ పెట్టి, అందరికీ వుల్ఫ్ జీబీ08 థండర్ కారునే ఇచ్చింది. కారు పేరులోని వుల్ఫ్ వెనక పెద్ద కథే ఉంది. కెనడాలో స్థిరపడి చమురు వ్యాపారంతో ధనవంతుడైన వాల్టర్ వుల్ఫ్ 1977లో సొంత ఫార్ములా వన్ జట్టు పెట్టాడు. జోడీ షెక్టర్ నడిపిన ఆ కారు తన మొట్టమొదటి పందెంలోనే, అర్జెంటీనాలో గెలిచింది. కొద్దేళ్లకే జట్టు మూతపడింది. మూడు దశాబ్దాల తర్వాత ఇటలీకి చెందిన అవెలాన్ ఫార్ములా సంస్థ ఆ పేరును కొని, తేలికపాటి స్పోర్ట్స్ కార్ల తయారీకి వాడుకుంది.

ఫార్ములా మారుతికీ థండర్‌కూ పోలికలు తక్కువ. చక్రాల మీదుగా ఒంటిని కప్పే స్పోర్ట్స్ ప్రోటోటైప్ ఇది. చట్రం కార్బన్ ఫైబర్ తొట్టె. వెనక బిగించింది అప్రిలియా మోటార్‌సైకిల్‌కు చెందిన 1.1 లీటర్ల వీ4 ఇంజిన్, శక్తి 220 అశ్వశక్తి చిల్లర. కారు బరువు 400 కిలోలకు లోపే. అంటే టన్నుకు 550 గుర్రాలు. మారుతి 800తో పోలిస్తే తొమ్మిది రెట్లు. వేగం పెరిగేకొద్దీ రెక్కలు కారును నేలకు అదుముతాయి కాబట్టి, నెమ్మదిగా వెళితే జారే మలుపు వేగంగా వెళితే జారదు. ఆ నమ్మకం కుదరడమే ఇందులో పాఠం. ఒక్కో జట్టుకు రెండు కార్లు, నలుగురు డ్రైవర్లు. నలుగురిలో ఒక మహిళ తప్పనిసరి అన్న నియమం ఈ లీగ్ ప్రత్యేకత.

హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, నెక్లెస్ రోడ్డు చుట్టూ సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ వేశారు. 2022 నవంబరు 19, 20 తేదీల్లో జరగాల్సిన తొలి అంకం ఆలస్యాలతో, ప్రమాదాలతో ప్రాక్టీసు దాటి ముందుకు సాగలేదు. లీగ్ చెన్నైకి వెళ్లి మధ్య అంకాలు ముగించుకొని డిసెంబరు 10, 11 తేదీల్లో మళ్లీ హైదరాబాద్ వచ్చింది. గోడల మధ్య పరుగు సాగి, కొచ్చి జట్టు విజేత అయింది, హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రెండో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందేల అనుభవజ్ఞుడు నీల్ జానీతోపాటు హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి ఉన్నాడు. 2017లో యూరో జేకే అన్న మరో వన్-మేక్ జాతీయ టైటిల్ గెలిచినవాడు. వీధి ట్రాక్‌తో వచ్చే చిక్కు కూడా అప్పుడే జనానికి అర్థమైంది. రోజూ బస్సులు తిరిగే దారిని మూస్తే ఊరు మొత్తం చుట్టుదారి పట్టాలి. ఒక దశలో మామూలు వాహనాలు ట్రాక్ మీదికి వచ్చేసిన ఘటన కూడా జరిగింది.

నిజానికి ఆ పోటీలు పెద్ద కార్యక్రమానికి సన్నాహం లాంటివి. 2023 ఫిబ్రవరి 11న అదే దారిలో ఫార్ములా ఈ విద్యుత్ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం జరిగింది; ఫ్రెంచ్ డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడా చట్రం, టైర్లు, బ్యాటరీ అందరికీ ఒకటే. మోటారు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరివి వాళ్లవి. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024 పందెం రద్దయింది. నిర్వహణ చెల్లింపుల వ్యవహారం ఏసీబీ కేసు దాకా వెళ్లడంతో తెలుగు పత్రికల్లో ఫార్ములా ఈ పేరు ఆటల పేజీ వదిలి మొదటి పేజీకి ఎక్కింది.

ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు మాత్రం దక్షిణానికి మళ్లాయి. 2024 ఆగస్టు నెలాఖరున చెన్నై ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రివేళ వీధి పందెం జరిగింది. అదే సీజన్‌లో థండర్ కార్లు కోయంబత్తూరు వెళ్లి, ఎల్జీబీ కార్లకు ఇల్లులాంటి కరి స్పీడ్‌వే మీద కూడా పరుగెత్తాయి. జాతీయ ఛాంపియన్‌షిప్ అంకాలు ఎక్కువగా జరుగుతూ వచ్చిన ట్రాకులు చెన్నై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడాల్లో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి గాని విజయవాడ నుంచి గాని ఫార్ములా కారెక్కాలనుకునే కుర్రాళ్లు రైలెక్కి వెళ్లేది వాటిలో దగ్గరున్న రెంటికే. అక్కడ వాళ్ల చేతికి మొదట వచ్చే కార్లలో కోయంబత్తూరు ఎల్జీబీ ఫార్ములా 4 ఒకటి.